ముందూ వెనకా లేని మంచం

మా బావ రిటైరయ్యాక వడ్రంగం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆయన వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఉద్యోగమంతా ఆయన బిలాస్‌పూర్ రైల్వే వ్యాగన్ షెడ్డులోనే చేశాడు. ఆయన దృష్టిలో ఈ భూమ్మీద సక్రమంగా నడిచే చోటు షెడ్డు ఒక్కటే. మిగతావన్నీ, అంటే మా పత్రికాఫీసు, కలెక్టరాఫీసు, పెళ్ళిళ్ళు, వానాకాలం, తనిఖీ లేకుండా పట్టాల మీదికి వదిలేసిన బళ్ళు. క్వార్టరు ఖాళీ చేసి ఉస్లాపూర్‌లో కట్టుకున్న ఇంట్లోకి మారాక ఆయనకు తనిఖీ చేయడానికి పాలవాడు, గోడ గడియారం, మా అక్క మిగిలారు. పాలవాడు ఆ వీధికి రావడం మానేశాడు. గడియారాన్ని ఆయనే విప్పాడు, అది మళ్ళీ కుదురుకోలేదు. మా అక్క ఎటూ పోలేకపోయింది, ఎందుకంటే ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి.

రెండు మోకాళ్ళకూ రాయపూర్‌లో ఆపరేషన్ అయింది. వ్యాయామం చేయించే మనిషి దగ్గర్లో ఉందని అక్కణ్నుంచి భిలాయిలోని కూతురింటికి తీసుకెళ్ళారు. డాక్టరు పెట్టిన షరతు ఒకటే. కింద కూర్చోకూడదు, ఎత్తు తక్కువున్న మంచం మీంచి లేవకూడదు. మా అక్కా బావా కొత్తగా క్వార్టరులో కాపురం పెట్టినప్పుడు కొనుక్కున్న తఖత్ మీదే ఇన్నేళ్ళూ పడుకున్నారు. తఖత్ అంటే పొట్టి కాళ్ళ మీద పరిచిన చెక్కబల్ల. దాని మీంచి లేవడం నేల మీంచి లేవడం కన్నా జానెడు సులువు, అంతే.

భిలాయి నుంచి అక్క నాకు ఫోన్ చేసేది. గొంతు తగ్గించి మాట్లాడేది. అల్లుడు చాలా మంచివాడు, అదే ఆవిడ బాధ. కూతురు ఇంట్లో ఉన్నంతసేపూ కూతురి చెయ్యి పట్టుకుని లేచేది. కూతురు డ్యూటీకి వెళ్ళాక, ఇంటి నుంచే పనిచేసే అల్లుడు పరుగెత్తుకొచ్చి చెయ్యి అందించేవాడు. అల్లుడి చెయ్యి పట్టుకుని అత్తగారు లేవడం మా ఇళ్ళల్లో కనీవినీ ఎరగని సంగతి. అందుకని ఆవిడ మధ్యాహ్నం టీ మానేసింది, మంచినీళ్ళు తగ్గించింది, లేవాల్సిన అవసరమే రాకుండా రోజులు నెట్టుకొస్తోంది.

"నా ఇంట్లో నాను లెగిస్తే చాల్రా తమ్ముడూ," అంది ఒకసారి. "ఒకళ్ళ సెయ్యి అడక్కుండా. బస్, ఇంకేటొద్దు."

ఆవిడ తిరిగొచ్చే ఆదివారం ఖాయమైంది. ఆలోగా ఇంట్లో ఎత్తైన మంచం ఒకటి ఉండాలి. ఇంత చిన్న సమస్యకు ఎవరైనా బజారుకు వెళ్ళి మంచం కొంటారు. మేమూ వెళ్ళాం. దుకాణంలో ఉన్న ప్రతి మంచం మీదా బావ కూర్చున్నాడు, లేచాడు, టేపు తీసి కొలిచాడు, మళ్ళీ కూర్చున్నాడు. దుకాణం కుర్రాడు మొదట నవ్వాడు, తర్వాత కూల్‌డ్రింక్ ఇచ్చాడు, చివరికి ఫ్యాను ఆపేశాడు. బావ అభ్యంతరం మాత్రం న్యాయమైనదే, ఒప్పుకోవాలి. ఈ రోజుల్లో మంచాలన్నీ కింద పెట్టెలతో వస్తున్నాయి, నేల దాకా మూసుకుపోయి. మనిషి కూర్చున్న చోటు నుంచి లేవాలంటే మడమలు కాస్త వెనక్కి, మంచం కిందికి వెళ్ళాలి. అక్కడ పెట్టె ఉంటే మడమ ఎక్కడికెళ్తుంది? ఎత్తు సరిపోయినా లేవడం కుదరదు.

ఈ ఒక్క నిజం చేతికి దొరికేసరికి బావకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. మంచం తానే చేస్తానని ప్రకటించాడు. వీధి మొదట్లో ఒక వడ్రంగి మిస్త్రీ ఉన్నాడనీ, నాలుగు రోజుల్లో చేసిస్తాడనీ నేనన్నాను. మిస్త్రీ ఉలితో బెజ్జాలు కొడతాడట. ఉలి మనిషి చేతిలో ఉంటుందట. మనిషి చేతిని నమ్మి తన భార్యను పడుకోబెట్టలేడట.

బావ నమ్మింది రౌటర్‌ని. రౌటర్ కొన్నానని ఆయన ఫోన్‌లో చెబితే, ఇంటర్నెట్ ఇంకా వేగంగా వస్తుందని కూతురు సంతోషించిందట. ఇది ఆ డబ్బా కాదు. రెండు పిడులున్న కరెంటు మిషను, కింద ముక్కులాంటి బిట్ గిర్రున తిరుగుతూ చెక్కను తొలుస్తుంది. దాన్ని చేత్తో పట్టుకుంటే ఎటు లాగితే అటు పోతుంది. అందుకని ముందు దానికి దారి వెయ్యాలి. ఆ దారి పేరే జిగ్. మందమైన ప్లైవుడ్ ముక్కలో సన్నని గాడి కోసి, మిషను అడుగునున్న ఇత్తడి కంకణం ఆ గాడిలోనే నడిచేలా చేస్తే, బిట్ గీత తప్పకుండా ప్రతిసారీ అదే కొలతలో బెజ్జం తొలుస్తుంది. మంచం కోడులో, అంటే కాలిలో, బెజ్జం; కోళ్ళను కలిపే పట్టె చివర దానిలో దూరే నాలుక. ఆ రెండూ బిగువుగా కూర్చుంటే మేకుల్లేకుండా మంచం తరాలు నిలుస్తుంది. బావ ఈ విషయం నాకు చాలాసార్లు చెప్పాడు. నేను విననప్పుడు కూడా చెప్పాడు.

నా డ్యూటీ పట్టుకోవడం. పత్రికలో పనిచేసి మానేసినవాడికి చేతి నిండా తీరికే ఉంటుందని బావ నమ్మకం. టేపు రెండో కొస, ప్లైవుడ్ రెండో అంచు, బావ మాటకు రెండో పక్షం, అన్నీ నేనే పట్టుకున్నాను.

కలప సమకూరింది. బెల్తరా వైపు కూల్చిన పాతింటి టేకు దూలం ఒకటి దొరికితే సిర్గిట్టిలో రంపం మిల్లుకు పట్టుకెళ్ళి కోయించాం. నాలుగు కోళ్ళకు, నాలుగు పట్టెలకు సరిగ్గా సరిపోయింది. ముక్కలు చెక్కలు తప్ప పనికొచ్చే కర్ర మిగల్లేదు. కొంచెం ఎక్కువ తీసుకుందామని మిల్లులో నేనంటే, వృథా చేసేవాడికే ఎక్కువ కావాలని బావ సెలవిచ్చాడు.

ఆ తర్వాత జిగ్ మొదలైంది. గాడి వెడల్పు బెజ్జం వెడల్పుకన్నా ఎంత ఎక్కువుండాలన్నది కంకణానికీ బిట్‌కీ ఉన్న తేడాను బట్టి తేలుతుంది. బావ లెక్క కట్టాడు. పాత ముక్క మీద తొలిచి చూస్తే నాలుక లోపల గిలక్కాయలా కొట్టుకుంది. మళ్ళీ కట్టాడు. ఈసారి నాలుక దూరనే లేదు. ముక్క మీద సుద్దతో 'రిజెక్ట్' అని రాసి గోడవార నిలబెట్టాడు. గాడి సరిపోయాక బెజ్జం ఓరగా వచ్చింది, ఎందుకంటే జిగ్ కింద కర్రను ఆనుకుని ఉండాల్సిన పట్టీ మూలమట్టానికి లేదు. దాన్ని విప్పి మళ్ళీ బిగించాడు. కర్రను బిగించి పట్టే క్లాంపు జారింది. క్లాంపుకు రబ్బరు అతికించాడు. బిట్ ఒకేసారి లోతుగా దించితే కర్ర మాడి పొగ వచ్చింది. కొంచెం కొంచెంగా దించడం నేర్చుకున్నాడు. ప్రతి దశలోనూ ఒక ముక్క, ప్రతి ముక్క మీదా సుద్దతో తీర్పు. వరండా గోడవార ఆ ముక్కలన్నీ సస్పెండైన గుమాస్తాల్లా వరసగా నిలబడ్డాయి. సర్జన్ రెండు మోకాళ్ళు మార్చడానికి ఇందులో వీసమెత్తు సమయం తీసుకోలేదు. ఆయనకు పాపం జిగ్ లేదు.

ఎట్టకేలకు జిగ్ సిద్ధమైంది. నిజం చెప్పాలి, చూడముచ్చటగా ఉంది. ఒకవైపు రెండు అడ్డుకర్రలు బిగించాడు. కోడు కొసను మొదటి అడ్డుకర్రకు ఆనిస్తే పొడుగు పట్టెకు కావాల్సిన బెజ్జం పడుతుంది. కోడును పక్కకు దొర్లించి రెండో అడ్డుకర్రకు ఆనిస్తే అడ్డ పట్టెకు బెజ్జం పడుతుంది, కాస్త కిందుగా. రెండూ ఒకే ఎత్తులో ఉంటే లోపల ఒకదాన్నొకటి తగిలి కోడు బలహీనమవుతుందట, అందుకని ఒకటి ఎగువ, ఒకటి దిగువ. ఆ ఆలోచన చాలా సరైనది. ఇందులో వెతికి చూస్తే బావ చేసిన ప్రతి ఆలోచనా విడివిడిగా చాలా సరైనది.

పని నడిపే ముందు బావ నాకు షెడ్డు సూత్రం చెప్పాడు. ఒకే పని ఒకేలా చెయ్యాలి. చెయ్యి మార్చకూడదు, వరస మార్చకూడదు, మార్చావా ప్రమాదం. ఆ సూత్రం మీదే నాలుగు కోళ్ళనూ ఒకదాని తర్వాత ఒకటి జిగ్‌లో పెట్టాడు. పైముఖాన బెజ్జం, ఎడమకు దొర్లించు, దిగువ బెజ్జం. పైముఖాన బెజ్జం, ఎడమకు దొర్లించు, దిగువ బెజ్జం. నేను పట్టుకున్నాను. బెజ్జాలు అద్దాల్లా వచ్చాయి. వేలు పెట్టి తడిమితే గోడలు నున్నగా, మూలలు గుండ్రంగా ఉన్నాయి. ఏ కోడును ఏ కోడు పక్కన పెట్టినా వెంట్రుకంత తేడా లేదు. బావ కళ్ళలో తృప్తి కనిపించింది. నాకూ గర్వంగానే అనిపించింది. పట్టుకున్నది నేనే కదా.

శుక్రవారం ఉదయం, జిగురు పెట్టకముందు ఒకసారి అన్నీ కలిపి చూద్దామని వరండాలో కూర్చున్నాం. మొదటి కోడులో పొడుగు పట్టె దూరింది, అడ్డ పట్టె దూరింది. రెండో కోడు తెచ్చి పొడుగు పట్టె రెండో కొసకు పెట్టాం. పట్టె వెళ్ళాల్సిన వైపు దిగువ బెజ్జం ఉంది. ఎగువ బెజ్జం పక్క ముఖాన ఉంది. బావ కోడును తిప్పాడు. ఎగువ బెజ్జం పట్టెకు ఎదురుగా వచ్చింది, దిగువ బెజ్జం మంచం బయటికి, వీధి వైపు చూసింది. తలకిందులు చేశాడు. ఎగువది దిగువైంది. నేను తిన్నగా పట్టుకోలేదేమోనని నన్ను తప్పించి తానే పట్టుకున్నాడు. నేను పట్టుకోకపోయినా అది అలాగే ఉంది.

నేను రెండు కోళ్ళనూ పక్కపక్కన నిలబెట్టి చూశాను. నాలుగూ ఎడమకే దొర్లాయి. మంచానికి ఐమూలగా ఎదురెదురు మూలల్లో రెండు కోళ్ళు ఎడమకు దొర్లాలి, మిగతా రెండు కుడికి దొర్లాలి. మనిషి చెప్పుల్లాగ. మా బావ నాలుగు ఎడమకాలి చెప్పులు కుట్టాడు, ఒకదాన్ని మించి ఒకటి అందంగా.

ఈ మాట నేను మెల్లగానే చెప్పాను. బావ నాలుగు కోళ్ళ బెజ్జాలనూ వరసగా వేలితో తడిమాడు.

"బండికి ముందేటి, వెనకేటోయ్?" అన్నాడు చివరికి. "ఇంజను ఎటు తగిలిస్తే అటే ముందు. ఒక పార్ట్ తీసి ఇంకోచోట బిగిస్తే పట్టీయాలి. పట్టకపోతే అది పార్ట్ కాదు."

"మంచానికి ఇంజను తగిలించం కదా బావా," అన్నాను.

ఆయన లోపలికెళ్ళాడు. టీ తాగాడు. మళ్ళీ కోళ్ళ దగ్గరికి వచ్చి, పనికిరాని రెండింటినీ ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇవి తప్పు కోళ్ళు కావు," అన్నాడు. "ఇంకో మంచానికి సగం కోళ్ళు."

ముప్పై ఏళ్ళకు పైగా పత్రికలో అధికారుల వివరణలు రాసుకున్నాను. వంతెన కుంగితే ఎందుకు కుంగలేదో, మందులు లేకపోతే ఎలా ఉన్నట్టో వాళ్ళు చెబుతుంటే వంచిన తల ఎత్తకుండా రాసుకున్నాను. కానీ ఇంత నిండైన వివరణ ఏ పెద్దాఫీసులోనూ వినలేదు. లెక్క ప్రకారం కూడా అది నిజమే. కుడికి దొర్లినవి ఇంకో నాలుగు చేస్తే రెండు మంచాలు అవుతాయి. కర్ర ఉంటే.

కర్ర లేదు. మిల్లుకు ఫోన్ చేస్తే టేకు వచ్చే వారం అన్నారు. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి మాట్లాడటం బావ అలవాటు, అందుకని నేనూ విన్నాను. మంచం ఏమయిందని అడిగింది. ఫిట్టింగ్‌లో ఉన్నాదని బావ చెప్పాడు. ఇంత సంసారం చేశాక ఆయన ఏ మాటకు ఏ అర్థమో ఆవిడకు తెలుసు.

"అవకపోతే చెప్పండి," అంది. "ఇంకో వారం ఇక్కడే ఉంటాను. ఏటైపోతాది."

ఏమీ అయిపోదన్నట్టే చెప్పింది. ఆ వెంటనే, వెనక ఎక్కడో అల్లుడి గొంతు వినిపించింది. లేవాలా అత్తయ్యా, రమ్మంటారా అని ఆదుర్దాగా అడుగుతున్నాడు. వద్దు బాబూ, ఊరికే కూర్చున్నాను అందావిడ. ఫోన్ పెట్టేసింది.

బావ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి, గోడవారనున్న 'రిజెక్ట్' ముక్కల్లోంచి మంచి టేకువి ఏరడం మొదలుపెట్టాడు. ఆదివారమే వస్తుంది, అన్నాడు తనలో తనే.

ఆయన చెయ్యబోయేది నాకు అర్థమైంది. ఆ రెండు కోళ్ళలో బయటికి చూస్తున్న దిగువ బెజ్జాలను టేకు ముక్కలతో పూడ్చి, జిగురు ఆరాక చిత్రిక పట్టి, దొర్లింపు మార్చి మళ్ళీ తొలవాలి. అంటే మాసికలు వెయ్యాలి. జీవితంలో మాసిక వేసిన భాగాన్ని పాస్ చెయ్యని మనిషి. షెడ్డులో అలాంటిదాన్ని చూస్తే కింది వాళ్ళను నిలబెట్టి దులిపేసేవాడని ఆయనే గొప్పగా చెప్పుకున్నాడు. ఇప్పుడు కూర్చుని బెజ్జం సైజుకు ముక్కను అరగదీస్తున్నాడు, పెట్టి చూస్తున్నాడు, మళ్ళీ అరగదీస్తున్నాడు. నేను క్లాంపులు పట్టుకున్నాను. ఆ పూట షెడ్డు సూత్రాలేవీ వినపడలేదు. అంత హాయిగా నేను ఎప్పుడూ పట్టుకోలేదు.

శనివారం జిగురు ఆరింది. జిగ్‌లో ఒక్కొక్క కోడునూ కుడికి దొర్లించేటప్పుడు బావ ప్రతిసారీ ఆగి, మంచం ఊహించుకుని, గాల్లో చేత్తో చూపించి, నన్ను అడిగి, నా జవాబు నమ్మక మళ్ళీ ఊహించుకుని, అప్పుడు మిషను ఆన్ చేశాడు. బెజ్జాలు సరిగ్గా పడ్డాయి. పట్టెలు దూరాయి. సాయంత్రానికి మంచం నాలుగు కోళ్ళ మీద నిలబడింది, పాత తఖత్ బల్ల దాని మీదికెక్కింది. తట్టినా తోసినా ఉలకలేదు.

ఇక మాసికల సంగతి. వాటిని గోడ వైపు దాచేద్దామని మంచం జరిపాం. అప్పుడు తెలిసింది, మాసిక కోళ్ళు రెండూ ఐమూలగా ఎదురెదురు మూలల్లో ఉంటాయని. ఒకటి గోడకు పోతే రెండోది గదిలోకి వస్తుంది. మంచాన్ని పూర్తిగా తిప్పి పెట్టాం. గోడ దగ్గరిది బయటికొచ్చింది, బయటిది గోడ దగ్గరికి పోయింది. బావ కోరుకున్నట్టే తయారైంది. ఎటు తగిలించినా ఒకటే. చివరికి ఆయన తలవైపు మాసిక పక్కన ఒక స్టూలు పెట్టి, దాని మీద మందుల డబ్బా పెట్టి, దుప్పటి కొస కాస్త కిందికి వేలాడేసి, గుమ్మం దగ్గరికెళ్ళి చూసొచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం కారులో అక్కను తీసుకొచ్చారు. కూతురు సామాన్లు దింపుతోంది. అల్లుడు కారు నీడలో పెట్టడానికి వెళ్ళాడు. అక్క వాకరు పట్టుకుని తిన్నగా గదిలోకి వచ్చింది. మంచం చుట్టూ చూసింది. స్టూలు చూసింది. చెయ్యి చాచి దుప్పటి కొస తొలగించి, మాసిక మీద బొటనవేలితో రాసింది.

"ఇదేటి?"

"మాడిఫికేషన్," అన్నాడు బావ.

"అచ్ఛా," అంది అక్క. వాకరు పక్కన పెట్టి మంచం మీద కూర్చుంది.

పాదాలు నేలకు ఆనాయి. మడమలు వెనక్కి, మంచం కిందికి వెళ్ళాయి. ఇప్పుడు లేవాలి. ఇన్నాళ్ళ జిగ్, దూలం, సుద్ద, మాసిక, అన్నీ ఈ లేవడం కోసమే. ఆ మాట మా ఇద్దరికీ బాగా తెలుసు. అందుకే ఇద్దరం ఒకేసారి నేల మీదికి వంగాం. బావ సెల్ టార్చి వేసి ఈ చివర కోడు చూస్తున్నాడు, నేను ఆ చివరది. బరువు పడ్డప్పుడు నాలుక కదులుతుందా, జిగురు గీత తెరుచుకుంటుందా, వెంట్రుకంత అయినా. టార్చి వెలుగులో బెజ్జం అంచు మీద కళ్ళు పెట్టి చూస్తున్నాం. ఏమీ కదల్లేదు. చిన్న చప్పుడైనా లేదు. లేవమని చెప్పు, ఇప్పుడు లేవమని చెప్పు అన్నాడు బావ నాతో, తల ఎత్తకుండా.

"కిందనేటి ఎతుకుతున్నారు ఇద్దరూ?"

గొంతు మంచం మీంచి రాలేదు. తలెత్తి చూస్తే అక్క వంటగది గుమ్మంలో ఉంది. వాకరు మంచం పక్కనే ఉంది. ఎప్పుడు లేచిందో, ఎలా లేచిందో, అక్కడి దాకా ఎలా నడిచిందో చూసినవాళ్ళు లేరు. ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, తను లేనన్నాళ్ళూ మేం వాడిన వంటగదిలోకి తొంగి చూస్తోంది. వీపు మా వైపు ఉంది కాబట్టి ముఖం కనపడలేదు.

బావ టార్చి ఆర్పలేదు. మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయి ఆవిడ వైపు చూస్తున్నాడు.

"లెగండి ఇంక," అంది అక్క వెనక్కి తిరిగి. "మీరు కింద కూకుండిపోతే నాను లేపలేను."

బావ మంచం పట్టె పట్టుకుని లేచాడు. నేను బావను పట్టుకుని లేచాను.